పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ - నాలుగు నెలలు, ఎనిమిది సెషన్లు, నా రివ్యూ

డెలివరీ అయిన ఐదో నెలలో ఒకరోజు పాపని భుజాన వేసుకుని నిద్రపుచ్చుతున్నా, వరసగా మూడు తుమ్ములొచ్చాయి, మూడో తుమ్ముకి యూరిన్ లీకై బట్టలు తడిసిపోయాయి. అప్పటిదాకా ఒకటి రెండు చుక్కలే కదా అని సర్దిచెప్పుకుంటూ వచ్చా కానీ ఆరోజు పాపని పడుకోబెట్టి బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని బాగా ఏడ్చా. ఇప్పుడు అలా తలుపేసుకుని ఎవరైనా ఏడుస్తుంటే వాళ్ళ కోసమే ఇదంతా రాస్తున్నా. నేను పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీకి (బ్లాడర్, గర్భసంచిని కింద నుంచి మోసే మజిల్స్‌కి చేసే ఫిజియో) వెళ్ళా, అక్కడ ఏం చేశారో, ఏది నచ్చిందో, ఏది అస్సలు నచ్చలేదో మొత్తం చెప్తా, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నాది నార్మల్ డెలివరీ, సెకండ్ డిగ్రీ టేర్, అంటే చర్మంతో పాటు దాని కింద మజిల్ కూడా చిరిగి కుట్లు పడ్డాయి (3, 4 డిగ్రీలు అంటే మలద్వారం చుట్టూ ఉండే మజిల్ దాకా చిరగడం, అది ఇంకా జాగ్రత్తగా చూసుకోవాల్సిన విషయం). డిశ్చార్జ్ చేసేటప్పుడు టీకాలు ఎప్పుడు, పాలు ఎలా పట్టాలి, కుట్లు ఎలా శుభ్రం చేసుకోవాలి అన్నీ చెప్పారు, యూరిన్ లీక్ అవ్వొచ్చని, అయితే ఎవరి దగ్గరికి వెళ్ళాలని మాత్రం ఒక్కరు కూడా చెప్పలేదు. ఆరు వారాల చెకప్‌లో నేనే నోరు తెరిచి అడిగితే "పిల్లలు పుట్టాక అందరికీ ఉండేదేనమ్మా, కీగెల్స్ చేసుకోండి" అని, అంటే ఆ కింది మజిల్స్‌ని బిగించి వదిలే ఎక్సర్‌సైజ్‌లు, ఒక కాగితం చేతిలో పెట్టి పంపించారు. అమ్మని అడిగితే "నాకూ ఉంది తల్లీ, ఎవరికని చెప్పుకుంటాం" అంది. ఆ మాటకి నాకు ఇంకా బాధేసింది, ఎందుకంటే అమ్మ దగ్గినప్పుడల్లా కాళ్ళు దగ్గరికి చేర్చుకుని నిలబడటం నా చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నా, ఎందుకమ్మా అని ఒక్కసారి కూడా అడగలేదు.

అందరికీ ఉండేదే అన్న మాటలో కొంత నిజం ఉంది. డెలివరీ అయిన ఆడవాళ్ళలో సుమారు ముగ్గురిలో ఒకరికి యూరిన్ లీక్ ఉంటుంది. కానీ చాలామందికి ఉండటం వేరు, దానికి వైద్యం లేకపోవడం వేరు, ఈ రెండూ కలిపి చెప్పేసి మనల్ని ఇంటికి పంపించేస్తున్నారు.

సరే, ఆ కాగితం పట్టుకుని రెండున్నర నెలలు చేశా. యూరిన్ మధ్యలో ఆపినట్టు బిగించి పట్టుకుని వదలండి అని రాసుంది, నేను నిజంగానే రోజూ బాత్రూంలో కూర్చుని అలా మధ్యలో ఆపుతూ చేశా. (అది ఎక్సర్‌సైజ్‌లా రోజూ చెయ్యకూడదంట, బ్లాడర్ పూర్తిగా ఖాళీ అవ్వకుండా ఉండిపోవచ్చు. ఆ మజిల్ ఎక్కడుందో తెలుసుకోవడానికి చెప్పే గుర్తు మాత్రమే అది.) తేడా ఏం కనపడలేదు. తర్వాత ఆన్‌లైన్‌లో ఒక కీగెల్ డివైజ్ కొన్నా, దాని సంగతి కింద చెప్తా, అప్పటికీ తగ్గలేదు. ఆ మూడు తుమ్ముల రోజు తర్వాతే ఫిజియో కోసం వెతికా.

మొదటి రోజు రిసెప్షన్‌లోనే నా మూడ్ పాడైంది. పది మంది కూర్చుని ఉన్నారు, మగవాళ్ళు కూడా ఉన్నారు, కౌంటర్‌లో అమ్మాయి "ప్రాబ్లమ్ ఏంటి మేడమ్" అని గట్టిగా అడిగింది. నాకు గొంతు రాలేదు. నడుం నొప్పి అని చెప్పా. అసలే చెప్పుకోలేక నెలల తరబడి లోపలే పెట్టుకున్న మనిషి గుండె చిక్కబట్టుకుని అక్కడిదాకా వస్తే ఆ ఒక్క ప్రశ్నకి వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. ఇలాంటి సర్వీస్ ఇచ్చేవాళ్ళు దయచేసి ఒక ఫారం ఇచ్చి రాయించుకోండి, అంతే, పెద్ద పనేం కాదు. ఇదే విషయం ఫిజియో మేడమ్‌కి కూడా చెప్పా, ఆవిడ సారీ చెప్పారు, మూడో సెషన్‌కి వెళ్ళేసరికి ఫారం పెట్టారు, ఆ విషయంలో మెచ్చుకోవాలి.

లోపలికి వెళ్ళాక మాత్రం వేరే ప్రపంచం. దాదాపు నలభై నిమిషాలు మాటలే. డెలివరీ ఎంతసేపు పట్టింది, ఎంతసేపు ముక్కారు, పాప బరువెంత, ఫోర్సెప్స్ (బిడ్డ తల పట్టి బయటికి లాగే పరికరం) వాడారా, లీక్ ఎప్పుడవుతుంది, తుమ్మినప్పుడా లేక అర్జెంట్‌గా వచ్చి బాత్రూం దాకా వెళ్ళేలోపా, మోషన్ ఫ్రీగా అవుతుందా, గ్యాస్ ఆపుకోగలుగుతున్నారా, కింద బరువుగా ఏదో జారుతున్నట్టు ఉంటుందా, భర్తతో కలిసినప్పుడు నొప్పి ఉందా. ఈ ప్రశ్నలు ఒక మనిషి మామూలు గొంతుతో, తలదించుకోకుండా, నా కళ్ళలోకి చూసి అడగడం నాకు అదే మొదటిసారి. సగం ప్రాబ్లమ్ అక్కడే తేలికైపోయింది అనిపించింది.

తర్వాత పెల్విస్ (నడుం కింద ఎముకల గూడు) బొమ్మ ఒకటి తీసి చూపించారు. ముందు బొడ్డు కింద ఉండే ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా జోలె కట్టినట్టు ఉంటాయి ఈ మజిల్స్, బ్లాడర్, గర్భసంచి, పేగు చివరి భాగం మొత్తం బరువు ఆ జోలె మీదే. తొమ్మిది నెలలు బిడ్డ బరువు మోస్తుంది, హార్మోన్ల వల్ల కీళ్ళూ కండరాల చుట్టూ ఉండే కణజాలమూ వదులవుతాయి, ఇక నార్మల్ డెలివరీలో తల బయటికొచ్చేటప్పుడు ఆ జోలె లోపలి అంచు మజిల్ తన పొడవుకి మూడు రెట్లకి పైగా సాగుతుందని కంప్యూటర్ మోడల్స్‌తో లెక్కేశారంట. శరీరంలో వేరే ఏ మజిల్ అలా సాగినా మనం నెలల తరబడి ఫిజియో చేయించుకుంటాం కదా, మోకాలి లిగమెంట్ దెబ్బతింటే ఎవరూ "నడిచేవాళ్ళందరికీ ఉండేదే" అనరు. సిజేరియన్ అయినవాళ్ళు కూడా మాకేం సంబంధం అనుకోవద్దు, కడుపు మోసిన బరువు మోసిందే, లీక్ రిస్క్ తగ్గుతుంది కానీ సున్నా అవ్వదు.

ఇప్పుడు అందరూ భయపడే విషయం, లోపలి పరీక్ష. ముందు ఎందుకు చేస్తారో చెప్పారు, మీకు ఇష్టం లేకపోతే ఈరోజు వద్దు, ఎప్పటికీ వద్దన్నా పర్లేదు, బయట నుంచి చూసి కూడా కొంత చెప్పగలను అన్నారు, మధ్యలో ఆపమంటే ఆ క్షణమే ఆపేస్తా అన్నారు. తోడు ఎవరైనా కావాలా అని అడిగారు. గైనిక్ దగ్గర వాడే మెటల్ పరికరాలేవీ లేవు, గ్లవ్ వేసుకున్న ఒక వేలు, అంతే. కుట్ల దగ్గర ఒక చోట చురుక్కుమంది, అది చెప్పగానే ఆగి, అక్కడ మచ్చ గట్టిపడింది, దానికి మసాజ్ నేర్పిస్తా అన్నారు.

తర్వాత "బిగించండి" అన్నారు. బిగించా, రెండున్నర నెలల ప్రాక్టీస్ కదా, నాకున్న బలమంతా పెట్టి బిగించా. ఆవిడ ఒక్క నిమిషం ఆగి, వేలు తీసేసి, ఒక చిన్న చేతి అద్దం ఇచ్చారు. "మీరే చూసుకుంటూ మళ్ళీ అదే చెయ్యండి" అన్నారు. చూశా. యోనికీ మలద్వారానికీ మధ్యలో ఉండే భాగం లోపలికి, పైకి వెళ్ళాలి. నాది కిందికి ఉబ్బింది. పొట్ట రాయిలా అయింది, పిరుదులు బిగుసుకున్నాయి, ఊపిరి ఆగిపోయింది. అంటే రెండున్నర నెలలుగా రోజుకి మూడుసార్లు నేను ఆ మజిల్‌ని బిగించట్లేదు, మోషన్‌కి ముక్కినట్టు కిందికి తోస్తున్నా. అసలే సాగిపోయిన జోలెని నా చేత్తో నేనే ఇంకా కిందికి నొక్కుతున్నా. ఆ అద్దంలో చూసింది ఈ జన్మలో మర్చిపోను.

నేనొక్కదాన్నే కాదంట. 1991లో వచ్చిన ఒక స్టడీలో 47 మంది ఆడవాళ్ళకి నోటితో మాత్రమే చెప్పి చేయిస్తే సరిగ్గా చేసింది సగం మందే, నలుగురిలో ఒకరు లీక్ ఇంకా పెరిగేలా చేశారు. కాగితం ఇచ్చి పంపిస్తే ఎలా సరిపోతుంది మరి? ఈ ఎక్సర్‌సైజ్‌లకి పేరొచ్చింది ఆర్నాల్డ్ కీగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్ట్ వల్ల, 1948లో ఆయన రాసిన పేపర్‌లోనే పేషెంట్ సరిగ్గా చేస్తుందో లేదో చెక్ చెయ్యాలని ఉంది, దానికోసం లోపల ప్రెషర్ కొలిచే పరికరం కూడా ఆయనే తయారుచేశారు. డెబ్బై ఏళ్ళు దాటాక మన దాకా వచ్చింది ఆయన పేరు ఒక్కటే, ఆ చెక్ చెయ్యడం రాలేదు.

ఆవిడ చెప్పిన పద్ధతి ఇలా ఉంది, నాకు పనిచేసింది: నలుగురిలో కూర్చుని గ్యాస్ ఆపుకుంటున్నట్టు వెనక నుంచి మొదలుపెట్టి, ఆ బిగింపుని ముందుకి తెచ్చి, ఊపిరి వదులుతూ మెల్లగా లోపలికి పైకి లాగాలి. పొట్ట పైభాగం, తొడలు, పిరుదులు మెత్తగానే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, వదలడం. పూర్తిగా వదిలి, పట్టుకున్నంత సేపు రెస్ట్ ఇచ్చి, అప్పుడు రెండోది. బిగింపు బలం చెప్పడానికి సున్నా నుంచి 5 దాకా ఒక స్కేల్ ఉంటుంది వీళ్ళకి, మొదటి రోజు నాది 2, మూడు సెకన్లు కూడా నిలబడలేదు. అందుకే మూడు సెకన్లతోనే మొదలుపెట్టించారు, పది సెకన్లు పట్టుకోండని రాసే కాగితాలు నమ్మొద్దు, మీ మజిల్ ఎంతసేపు నిలబడుతుందో అదే మీ లెక్క. రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి కనీసం 8, కనీసం 3 నెలలు. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ గైడ్‌లైన్‌లో ఉన్న లెక్క ఇదే. మొదట పడుకుని, తర్వాత కూర్చుని, తర్వాత నిలబడి, ఆ తర్వాత పాపని ఎత్తుతూ.

అన్నిట్లోకి తొందరగా ఫలితం చూపించింది ఒక చిన్న ట్రిక్. తుమ్ము వస్తుందని తెలిసిన ఆ అర సెకన్‌లో ముందుగా బిగించి, అప్పుడు తుమ్మడం. దగ్గినా, పాపని ఎత్తినా అంతే. రెండో వారంలో మొదటిసారి బిగించి తుమ్మినప్పుడు పొడిగా ఉంది, మావారిని పిలిచి మరీ చెప్పా, ఆయనకి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక నాకంటే ఎక్కువ సంతోషపడ్డారు.

నేను ఊహించనిది బ్లాడర్ డైరీ. మూడు రోజులు ఎన్నిసార్లు వెళ్ళానో, ఎంత వచ్చిందో కొలత కప్పుతో కొలిచి రాయమన్నారు. పాపతో అది చెయ్యడం చాలా కష్టం, కానీ చేశా. రోజుకి 14 సార్లు వెళ్తున్నా, చాలాసార్లు వంద ఎమ్మెల్ కూడా రావట్లేదు. లీక్ అవుతుందేమోనన్న భయంతో బయటికెళ్ళే ముందు ఒకసారి, పాలిచ్చే ముందు ఒకసారి, పడుకునే ముందు రెండుసార్లు ఊరికే వెళ్తున్నా, దాంతో కొంచెం నిండగానే అర్జెంట్ అని సిగ్నల్ ఇవ్వడం బ్లాడర్‌కి అలవాటైపోయింది. మామూలుగా పగలు ఆరు నుంచి ఎనిమిది సార్లు సరిపోతుంది. అర్జెంట్ అనిపించగానే పరిగెత్తకుండా ఆగి, నాలుగైదు సార్లు చకచకా బిగించి వదిలి, ఆ తాకిడి తగ్గాక మెల్లగా నడిచి వెళ్ళడం నేర్పారు, మధ్య గ్యాప్ వారం వారం పెంచుకుంటూ వెళ్ళా. నీళ్ళు తాగడం తగ్గించేశానని చెప్తే మాత్రం మేడమ్ ఒప్పుకోలేదు, పాలిచ్చే తల్లి నీళ్ళు తగ్గించకూడదు, పైగా యూరిన్ చిక్కబడితే బ్లాడర్‌కి ఇంకా చిరాకు.

మోషన్ సంగతి కూడా ఇందులో భాగమే అని నాకు తెలీదు. రోజూ గట్టిగా ముక్కితే ఇక్కడ ఎన్ని ఎక్సర్‌సైజ్‌లు చేసినా అక్కడ పోతుంది. కాళ్ళ కింద చిన్న స్టూల్ పెట్టుకుని మోకాళ్ళు తుంటి కంటే పైకి వచ్చేలా ముందుకి వంగి కూర్చుని, ఊపిరి బిగబట్టకుండా వదులుతూ వెళ్ళమన్నారు. స్టూల్ మార్పు ఒక్కటే నాకు మొదటి వారంలో కనపడింది.

పొట్ట గ్యాప్ (పొట్ట మధ్యలో రెండు పక్కల మజిల్స్ విడిపోవడం) కూడా చూశారు. పడుకుని తల కొంచెం పైకెత్తితే బొడ్డు దగ్గర మధ్యలో వేళ్ళు దిగుతాయి కదా, నాకు రెండున్నర వేళ్ళు. చాలా భయపడ్డా. నార్వేలో 300 మంది తొలిచూలు తల్లుల్ని చూస్తే ఆరు వారాలకి 60 శాతం మందికి, ఏడాదికి కూడా సుమారు 33 శాతం మందికి గ్యాప్ ఉందంట, వేళ్ళ లెక్క కంటే మధ్యలో నొక్కితే గట్టిగా తగులుతుందా మెత్తగా లోపలికి పోతుందా అన్నది చూడాలన్నారు. డెలివరీ తర్వాత పొట్టకి కట్టుకునే బెల్ట్ గురించి అడిగా. మొదటి వారాల్లో ఆసరాగా హాయిగా ఉంటే పెట్టుకోవచ్చు, కానీ బెల్ట్ మజిల్‌ని బలంగా చెయ్యదు, మరీ బిగించి కడితే ఆ ఒత్తిడి అంతా కిందికే వెళ్తుంది అన్నారు. నేను ఊపిరాడనంత బిగించి కట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి.

ఇక ఆ డివైజ్. లోపల పెట్టుకుని బిగిస్తే ఫోన్‌లో బెలూన్ పైకి లేస్తుంది. నేను తప్పుగా చేసినన్ని రోజులూ ఆ బెలూన్ చక్కగా పైకి లేస్తూనే ఉంది, చాలా బాగా చేస్తున్నారు అని మెసేజ్ కూడా వచ్చేది! అది కొలిచేది ప్రెషర్‌ని, పొట్టతో కిందికి తోసినా లోపల ప్రెషర్ పెరుగుతుంది, దానికి తేడా తెలీదు. సరిగ్గా చెయ్యడం నేర్చుకున్నాక మళ్ళీ వాడా, రోజూ మర్చిపోకుండా చెయ్యడానికి బాగానే ఉపయోగపడింది. కాబట్టి ముందు ఒక మనిషి చేత చెక్ చేయించుకోండి, డివైజ్ తర్వాత, అసలు లేకపోయినా నష్టం లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, అందరికీ కీగెల్సే మందు కాదు. మా వదినకి డెలివరీ తర్వాత లీక్ లేదు, కానీ కూర్చుంటే నొప్పి, కలయిక అంటే భయం, పీరియడ్స్‌లో లోపల పెట్టుకునే టాంపన్ కూడా పెట్టుకోలేని నొప్పి. తను నా మాట విని కీగెల్స్ చేసింది, ఇంకా ఎక్కువైంది, అది నా తప్పే అని ఇప్పటికీ బాధ. తనకి మజిల్ వదులవ్వలేదు, అస్తమానం బిగుసుకుని ఉంది, కావాల్సింది వదలడం నేర్చుకోవడం. పొట్టలోకి లోతుగా ఊపిరి తీసుకుంటూ కింద భాగాన్ని వదిలెయ్యడం, మచ్చ మీద మసాజ్, వీటితోనే రెండు నెలల్లో కుదుటపడింది. పాలిచ్చేటప్పుడు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తక్కువ ఉండి అక్కడ పొడిబారుతుందని, దానికి కూడా పరిష్కారాలున్నాయని, డాక్టర్‌ని అడగమని తనకి చెప్పారు. ఆన్‌లైన్‌లో ఎవరో చెప్పారని (నాతో సహా) మొదలుపెట్టేసే ముందు మీది ఏ రకమో తెలుసుకోండి.

నచ్చనివి ఇంకో రెండు. నాలుగో సెషన్ నుంచి టైమ్ తగ్గిపోయింది, ఇరవై నిమిషాల్లో పంపించేసిన రోజులున్నాయి. పాపని తీసుకెళ్తే పడుకోబెట్టడానికి చోటు లేదు, వచ్చేదే బాలింతలు, ఒక చిన్న ఉయ్యాల పెట్టాలి కదా.

ప్రెగ్నెంట్‌గా ఉండి చదువుతున్నవాళ్ళకి చెప్పేది ఒకటే, మీరు నాలాగా ఆగొద్దు. లీక్ లేనివాళ్ళు ప్రెగ్నెన్సీ మొదట్లోనే పద్ధతిగా ఈ ఎక్సర్‌సైజ్‌లు మొదలుపెడితే నెలలు నిండేసరికి లీక్ అయ్యే రిస్క్ సగానికి పైగా తగ్గిందని స్టడీలన్నీ కలిపి చూసిన కాక్రేన్ రివ్యూలో ఉంది. ఆల్రెడీ లీక్ ఉన్న ఆడవాళ్ళలో కూడా, దగ్గు తుమ్ము రకం లీక్ అయితే, ట్రైనింగ్ చేసినవాళ్ళలో 56 శాతం మంది పూర్తిగా తగ్గిందన్నారు, చెయ్యనివాళ్ళలో 6 శాతమే. 34, 35 వారాల నుంచి పెరీనియల్ మసాజ్ (యోనికీ మలద్వారానికీ మధ్య భాగానికి చేసే మసాజ్) చేస్తే తొలి కాన్పులో కుట్లు పడే అవకాశం కొంత తగ్గుతుంది, మీ డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి.

కొన్నిటికి మాత్రం ఫిజియో అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడొద్దు, వెంటనే డాక్టర్: యూరిన్ అసలు రాకపోవడం, కుట్ల దగ్గర చీము, జ్వరం, బ్లీడింగ్ ఉన్నట్టుండి ఎక్కువవ్వడం. మోషన్ తెలియకుండా పోవడం, యోని దగ్గర ఏదో ఉండలా బయటికి తగలడం కూడా సిగ్గుపడి దాచుకునేవి కాదు, తొందరగా చూపించుకోండి. అలా లోపలి అవయవం కిందికి జారితే లోపల పెట్టే పెసరీ అనే రింగ్ లాంటిది ఉంటుంది, ఆపరేషన్ ఒక్కటే దారి కాదు.

నా రిజల్ట్: ఎనిమిదో సెషన్‌లో 2 కాస్తా 4 అయింది, పది సెకన్లు పట్టుకోగలుగుతున్నా. తుమ్మితే లీక్ లేదు. రోజుకి ఏడెనిమిది సార్లే వెళ్తున్నా. పరిగెడితే, అదీ బ్లాడర్ నిండా ఉంటే, ఇంకా ఒక్కోసారి కొంచెం అవుతుంది. డెలివరీ తర్వాత కనీసం 12 వారాలు పరుగు వద్దంటారు, నేను ఎనిమిదో వారంలోనే మొదలుపెట్టేశా, తెలిసుంటే ఆగేదాన్ని. ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా, ఆ అర తగ్గించింది రిసెప్షన్‌కి, ఉయ్యాలకి.

అమ్మకి వచ్చే మంగళవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నా. ఈ వయసులో నాకెందుకే అని నెల రోజులు వద్దంది. ఏ వయసులోనైనా ఆ మజిల్ బలపడుతుందని మేడమ్ చేత ఫోన్‌లో చెప్పించా, అప్పుడు ఒప్పుకుంది. నిన్న రాత్రి పాపని ఒళ్ళో పెట్టుకుని మెల్లగా అడిగింది, "అక్కడ బయట కూర్చున్న అమ్మాయికి ఏమని చెప్పాలే" అని. ఏం చెప్పక్కర్లేదమ్మా, ఫారం ఇస్తారు, నేను పక్కనే ఉంటా అన్నా.